పవర్ బటన్ వెనుక దాగిన రిమోట్

హెచ్‌టీసీ వన్ ఫోన్‌ను 2013 ఫిబ్రవరిలో జనం ముందుకు తెచ్చినప్పుడు అందరూ దాని ఒంటి గురించే మాట్లాడుకున్నారు. అల్యూమినియం దిమ్మెను చెక్కి తీసిన ఒళ్లు, వేలితో తడిమినా అతుకు తెలియని అంచులు. పైఅంచున ఎడమ మూల ఉన్న పవర్ బటన్ను మాత్రం చాలామంది పట్టించుకోలేదు. ఆ బటన్ లోహంతో చేసింది కాదు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగును తన గుండా పోనిచ్చే ప్లాస్టిక్‌తో చేసింది. దాని వెనుక ఆ వెలుగును వదిలే చిన్న దీపం ఒకటి, అదే వెలుగును పట్టుకునే కన్ను ఒకటి కూర్చున్నాయి.

అలా ఎందుకు చేశారో ఆలోచిస్తే పనితనం అర్థమవుతుంది. అల్యూమినియం గుండా వెలుగు పోదు. ఫోన్‌ను టీవీ రిమోట్‌గా కూడా వాడాలంటే ఎక్కడో ఒకచోట కిటికీ తెరవాలి. అంత శ్రమపడి చెక్కిన ఒంటికి ఇంకో రంధ్రం పెట్టడం ఏ డిజైనరుకూ ఇష్టం ఉండదు. పవర్ బటన్ కోసం పైఅంచున ఎలాగూ ఒక రంధ్రం పెట్టారు కదా, ఆ బటన్నే కిటికీ చేశారు. చోటు కూడా అచ్చంగా కుదిరింది. ఫోన్‌ను అరచేతిలో రిమోట్ పట్టుకున్నట్టు పట్టుకుంటే పైఅంచు దానంతటదే టీవీ వైపు తిరుగుతుంది. ఎటు చూపించాలో వాడేవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదే ఏడాది శాంసంగ్ గెలాక్సీ ఎస్4, ఎల్‌జీ జీ2 కూడా ఇదే సదుపాయంతో వచ్చాయి. వాటిలో బటన్‌కు బదులు ఆవగింజంత నల్లటి చుక్క కనిపిస్తుంది. మామూలు రిమోట్ ముక్కు దగ్గర ఉండేది 5 మిల్లీమీటర్ల బుడిపె దీపం. దాని గుండ్రటి తలే కటకంలా పనిచేసి వెలుగును ఒక దిక్కుకు కూడగడుతుంది. ఎస్4 మొత్తం మందమే 7.9 మిల్లీమీటర్లు. తెర, బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు అన్నీ అందులోనే ఇరుక్కోవాలి. అందుకని బుడిపె దీపాన్ని వదిలేసి, బోర్డు మీద నేరుగా అతికే బుల్లి దీపాన్ని వాడారు. పెద్ద కటకం లేదు కాబట్టి ఫోన్ రిమోట్‌కు అందే దూరం అసలు రిమోట్ కన్నా కాస్త తక్కువే. అయినా హాల్లో సోఫా నుంచి గోడ మీది టీవీకి ఢోకా ఉండదు.

ఈ దీపం వెలుగు తరంగదైర్ఘ్యం దాదాపు 940 నానోమీటర్లు. మన కంటికి అది ఆనదు. ఫోన్ ముందు కెమెరాకు మాత్రం చాలాసార్లు ఆనుతుంది. రిమోట్ ముక్కును సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే లేత ఊదారంగులో మిణుకుమిణుకుమంటుంది. రిమోట్ పాడైందా, సెల్స్ అయిపోయాయా, లోపం టీవీదా అని తేల్చుకోవడానికి మెకానిక్కులు చేసే మొదటి పరీక్ష ఇదే. 940 దగ్గరే ఆగడానికి కారణాలు ఉన్నాయి. ఆ రంగు వెలుగును సిలికాన్ బాగా పట్టుకుంటుంది. పైగా గాలిలోని నీటి ఆవిరి ఆ ప్రాంతంలోని సూర్యకాంతిని కొంత మింగేస్తుంది. అంటే ఎండ తాకిడి కాస్త తక్కువగా ఉన్న సందు చూసి దీపం పెట్టారన్నమాట.

ఎండ గొడవ రిమోట్లకు పుట్టుకతోనే ఉంది. అమెరికాలో జెనిత్ కంపెనీ ఇంజినీరు యూజీన్ పాలీ 1955లో తెచ్చిన ఫ్లాష్‌మాటిక్ పిస్తోలు ఆకారంలో ఉండే టార్చిలైటు. టీవీ నాలుగు మూలల్లో వెలుగును పసిగట్టే నాలుగు కళ్లు పెట్టారు. ఏ మూల మీద వెలుగు పడితే ఆ పని జరుగుతుంది. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఆ మూల మీద పడినా ఆ పని జరిగేది! వెలుగు పడిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే అడిగే యంత్రానికి, ఆ వెలుగు ఎవరు పంపారో తెలిసే దారి లేదు. మరుసటి ఏడాది అదే కంపెనీలో రాబర్ట్ అడ్లర్ వెలుగును పక్కనపెట్టి, మన చెవికి అందని శబ్దంతో పనిచేసే స్పేస్ కమాండ్ చేశాడు. లోపల అల్యూమినియం కడ్డీలు, వాటిని కొట్టే చిన్న సుత్తులు. బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఇంట్లో లోహపు వస్తువులు గలగలలాడితే ఆ టీవీ కూడా ఒక్కోసారి తికమకపడేది. తర్వాతి తరం ఇంజినీర్లు మళ్లీ వెలుగు దగ్గరికే వచ్చారు గానీ ఈసారి దానికి రెండు లక్షణాలు నేర్పారు. ఒకటి తాళం, రెండోది లిపి.

తాళం సంగతి ముందు. రిమోట్ దీపం వెలిగినప్పుడు ఊరికే వెలిగి ఉండదు. సెకనుకు 38 వేల సార్లు ఆరుతూ వెలుగుతుంది. ఎండ అలా చేయదు, బల్బు అలా చేయదు. టీవీ లోపలి గ్రాహకం ఆ 38 కిలోహెర్ట్జ్ లయను మాత్రమే వింటుంది, మిగతా వెలుగునంతా తోసిపుచ్చుతుంది. తిరునాళ్లలో పది మైకుల హోరు మధ్య కూడా సొంత పిల్ల గొంతును తల్లి పోల్చుకున్నట్టు. 38 అనే అంకె కూడా ఊరికే వచ్చింది కాదు. పాత ఏఎం రేడియోల కోసం 455 కిలోహెర్ట్జ్ దగ్గర కంపించే సెరామిక్ ముక్కలు లక్షల్లో తయారయ్యేవి. వాటి కంపనాన్ని 12తో భాగిస్తే 37.9 వస్తుంది. చవకగా దొరికే రేడియో సామానుతోనే పని గడిచిపోయింది. ఫిలిప్స్ వాళ్ల ఆర్‌సీ5 పద్ధతి 36 దగ్గర, సోనీ పద్ధతి 40 దగ్గర స్థిరపడ్డాయి. ఎవరి తాళం వారిది.

ఆ గ్రాహకాన్ని చూడాలంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి టీఎస్‌ఓపీ1738 అని అడిగితే చాలు. ఇంజినీరింగ్ పిల్లలు మినీ ప్రాజెక్టుల కోసం కొనే మూడు కాళ్ల నల్లటి పురుగు అది. పేరులోని చివరి 38 దాని తాళమే. నల్లటి ఒళ్లు కూడా అలంకారం కాదు, కంటికి కనిపించే వెలుగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే లోపలికి వదిలే జల్లెడ. లోపల వెలుగును విద్యుత్తుగా మార్చే డయోడ్, అందిన సంకేతం బలాన్ని బట్టి తన వినికిడిని తగ్గించుకునే, పెంచుకునే ఆంప్లిఫయర్, 38 దగ్గరి లయను తప్ప దేన్నీ పోనివ్వని ఫిల్టర్ వరుసగా ఉంటాయి. ఇవన్నీ దాటి మూడో కాలి మీదికి వచ్చేది ఒక్క కబురు: తాళం వినబడుతోంది, లేదా వినబడటం లేదు. అంతే.

వినబడటానికీ వినబడకపోవడానికీ మధ్య వ్యవధులతో రాసేదే లిపి. బాగా వ్యాపించిన ఎన్ఈసీ లిపిని తీసుకుందాం. ముందు 9 మిల్లీసెకన్లపాటు తాళం, తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్ల మౌనం. నిద్రపోతున్న గ్రాహకాన్ని తట్టి లేపడానికి ఇది. ఆపైన 32 అక్షరాలు వరుసగా వస్తాయి. ప్రతి అక్షరమూ అర మిల్లీసెకను పైచిలుకు తాళంతోనే మొదలవుతుంది. దాని వెనక మౌనం పొట్టిగా ఉంటే సున్నా, మూడింతలు పొడుగుంటే ఒకటి.

ఎల్‌జీ టీవీని ఆన్ చేసే కబురు ఇలా ఉంటుంది: 00100000, 11011111, 00010000, 11101111. కాసేపు తేరిపార చూడండి. రెండో ముక్క మొదటిదానికి అచ్చమైన తిరగేత. సున్నా ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్నా. నాలుగోది మూడోదానికి తిరగేత. మొదటి జంట ఏ పరికరమో చెబుతుంది, రెండో జంట ఏం చేయాలో చెబుతుంది. టీవీ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తిరగేత సరిగ్గా కుదరకపోతే దారిలో ఏదో చెడిందని కబురును పారేస్తుంది. అందుకే మధ్యలో ఎవరైనా అడ్డం నడిస్తే టీవీ ఊరుకుంటుందే తప్ప వాల్యూమ్ అడిగితే ఛానల్ మార్చదు.

తిరగేత వల్ల మరో లాభం ఉంది. ఏ ఆజ్ఞ పంపినా 32 అక్షరాల్లో సున్నాలు 16, ఒకట్లు 16 ఉండి తీరాలి. కాబట్టి ఏ కబురైనా సరిగ్గా 67.5 మిల్లీసెకన్లే పడుతుంది, చివర అక్షరం ముగిసిందని చెప్పే ఒక చిన్న తాళం అదనం. ఎదుటివాడు ఎంతసేపు వినాలో ముందే తెలుసు. తప్పు పట్టుకోవడం, నిడివి ఒకటిగా ఉంచడం, రెండు పనులూ ఒకే ఎత్తుగడతో జరిగిపోయాయి. పొదుపు కూడా చూడండి. ఆ మొత్తం వ్యవధిలో తాళం పలికే సమయం 27 మిల్లీసెకన్ల పైచిలుకు. తాళంలోనూ దీపం సగం సేపు ఆరే ఉంటుంది. లెక్క వేస్తే దీపం నిజంగా వెలిగేది 14 మిల్లీసెకన్లకు మించదు. రెండు పెన్సిల్ సెల్స్‌తో రిమోట్ నెలల తరబడి నడవడానికి ఇదీ ఒక కారణమే. సెల్స్ నీరసిస్తే రిమోట్‌ను అరచేతిలో రెండు దెబ్బలు వేయడం, సెల్స్‌ను అటూ ఇటూ మార్చి పెట్టడం, ఎండలో ఆరబెట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన వైద్యమే అనుకోండి.

ఇక ఈ లిపిని ఫోన్ ఎలా రాస్తుంది? ఇక్కడే నాకు బాగా నచ్చిన చమత్కారాలు ఉన్నాయి.

చిక్కు ఏమిటంటే ఫోన్‌కు పని ఎక్కువ. మెసేజీ వస్తుంది, పాట నడుస్తుంది, తెర వేలి కోసం కనిపెట్టుకుని ఉంటుంది. మైక్రోసెకన్ల లెక్కన దీపాన్ని ఆర్పుతూ వెలిగించమని మామూలు యాప్‌కు అప్పగిస్తే, మధ్యలో వేరే పని అడ్డొచ్చి తాళం తప్పుతుంది. తాళం తప్పితే టీవీ పలకదు. అందుకని కొందరు ఆ పనికోసమే వేరే బుల్లి చిప్ పెట్టారు. కబురు మొత్తాన్ని దానికి అప్పజెప్పి ఫోన్ తన పనిలో తాను పడుతుంది, చిప్ నిమ్మళంగా తాళం వేస్తుంది.

ఇంకొందరు వేరే చిప్ కూడా లేకుండా గట్టెక్కారు. ఫోన్‌లోని ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న చిప్‌లతో మాట్లాడటానికి ఎస్‌పీఐ అనే వరుస తీగల ఏర్పాటు ఉంటుంది. అందులో ఒక తీగ మీద బిట్లు ఒకదాని వెంట ఒకటి, ఖచ్చితమైన వేగంతో బయటికి పోతాయి. ఆ తీగ అవతలి కొనకు ఏ చిప్పునూ కలపకుండా, ఒక ట్రాన్సిస్టర్ ద్వారా దీపాన్ని కలిపేశారు. ఇప్పుడు ఒకటి పంపితే దీపం వెలుగుతుంది, సున్నా పంపితే ఆరుతుంది. 38 కిలోహెర్ట్జ్‌కు 16 రెట్ల వేగం, అంటే సెకనుకు 6 లక్షల 8 వేల బిట్ల వేగం పెట్టుకుని, ఎనిమిది ఒకట్లు, ఎనిమిది సున్నాలు పంపితే తాళంలో ఒక దెబ్బ పడినట్టు. పదహారూ సున్నాలైతే అంతసేపు మౌనం. మొదటి 9 మిల్లీసెకన్ల తాళానికి 342 దెబ్బలు కావాలి. లినక్స్ కెర్నల్‌లో ఇదే సూత్రం మీద నడిచే డ్రైవర్ ఒకటి ఉంది. కబురు మొత్తాన్ని ముందే మెమరీలో ఇలా పరిచేసి, ఒక్కసారిగా తీగ మీదికి తోసేస్తారు, మధ్యలో ఎవరూ వేలు పెట్టరు. 32 బిట్ల మాట చెప్పడానికి 41 వేల బిట్లు ఖర్చు! వేరే యంత్రంలో దీన్ని దుబారా అనేవాళ్లం. ఫోన్‌లో మెమరీకి కరువు లేదు, కరువల్లా సమయపాలనకే. ఉన్నదాన్ని ఖర్చుపెట్టి లేనిదాన్ని కొనుక్కున్నారు.

యాప్ రాసేవాళ్లకు ఈ తతంగమేదీ కనబడదు. 2013లోనే వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్‌లో కన్స్యూమర్ ఐఆర్ మేనేజర్ అనే చిన్న తలుపు తెరిచారు. అంతకుముందు కంపెనీకో పద్ధతి. ఇందులో అడిగేవి రెండే: తాళం వేగం ఎంత, వ్యవధుల వరుస ఏమిటి. మన ఎల్‌జీ కబురైతే 9000, 4500, 560, 560, 560, 560, 560, 1690 అంటూ సాగే 67 అంకెల జాబితా. అన్నీ మైక్రోసెకన్లు. తాళం, మౌనం, తాళం, మౌనం. ఫోన్‌కు ఎల్‌జీ తెలియదు, సోనీ తెలియదు, టీవీ అంటే ఏమిటో కూడా తెలియదు. అది తెలిసిన యాప్ వేరే ఉంటుంది. ఇంత సన్నటి తలుపు పెట్టడం వల్లే పదేళ్లు దాటినా ఆ తలుపు మారలేదు.

ఈ ఫోన్ల కన్నా ముందు తరంలో ఇంకా గమ్మత్తైన పనితనం నడిచింది. 1998లో వచ్చిన పామ్ 3 వంటి చేతి కంప్యూటర్లకూ, తర్వాతి నోకియా ఫోన్లకూ ఐఆర్‌డీఏ అనే ఇన్‌ఫ్రారెడ్ కిటికీ ఉండేది. అది టీవీ కోసం కాదు. రెండు ఫోన్లను ముక్కూ ముక్కూ ఆనించి కాంటాక్టులూ రింగ్‌టోన్లూ పంపుకోవడానికి. దాని లిపి వేరు, తాళం అసలు లేదు. అయినా ప్రోగ్రామర్లు ఊరుకోలేదు. ఆ కిటికీ సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో నడవగలదు, ప్రతి సున్నాకూ ఒకసారి మెరుస్తుంది, ఒకటికి ఊరుకుంటుంది. 1,15,200ను మూడుతో భాగిస్తే 38,400. అంటే ‘సున్నా, ఒకటి, ఒకటి’ అన్న వరుసను ఆపకుండా పంపగలిగితే మెరుపులు టీవీ తాళంలోనే పడతాయి!

కానీ సీరియల్ పోర్టు అక్షరాలనే పంపుతుంది, ప్రతి అక్షరానికీ ముందు ఒక సున్నానూ వెనక ఒక ఒకటినీ తనే తగిలిస్తుంది. ఎనిమిది బిట్ల అక్షరమైతే మొత్తం పది. పది మూడుతో భాగించబడదు, తాళం తప్పుతుంది. ఏడు బిట్ల అక్షరమైతే మొత్తం తొమ్మిది. సరిగ్గా మూడు మూళ్లు. ముందు వెనకలు తగిలాక 011011011 రావాలంటే మధ్యలో ఏ అక్షరం ఉండాలో లెక్క వేస్తే తేలేది చదరపు బ్రాకెట్టు గుర్తు, [ అన్నమాట. దాన్ని 115 సార్లు వరుసగా పంపితే టీవీకి అది 9 మిల్లీసెకన్ల మేలుకొలుపు. ఏడుసార్లు పంపి ఆగితే రిమోట్ లిపిలో ఒక అక్షరం తాలూకు తాళం. పేర్లూ నంబర్లూ మోయడానికి పెట్టిన దారిలోంచి ఒకే బ్రాకెట్టును కుప్పలుతెప్పలుగా పోసి టీవీని ఆపొచ్చు. ఇందులో లోటల్లా బలమే. ఐఆర్‌డీఏ మెరుపు బిట్టు వ్యవధిలో పదహారింట మూడు వంతులే ఉంటుంది, దీపం కూడా మీటరు దూరానికి ఉద్దేశించింది. కాబట్టి టీవీకి దగ్గరగా జరగాల్సి వచ్చేది. లేచి వెళ్లి టీవీ బటన్ నొక్కడానికీ దానికీ పెద్ద తేడా లేదనే మాట నిజమే. అయినా చేసి చూపించారు.

స్మార్ట్‌ఫోన్ల కాలానికి బలం కుదిరింది, లిపి కుదిరింది. మిగిలింది నిఘంటువు. ప్రపంచంలోని టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఏసీలు, ప్రొజెక్టర్ల ఆజ్ఞలన్నీ పోగేసిన కోశం కావాలి. హెచ్‌టీసీ, శాంసంగ్ ఫోన్లకు ఆ కోశాన్ని అందించింది పీల్ అనే అమెరికా సంస్థ. కొత్త టీవీని పరిచయం చేసే పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కంపెనీ పేరు ఎంచుకోగానే తెర మీద ఒక పవర్ బటన్ వస్తుంది. నొక్కగానే ‘టీవీ స్పందించిందా?’ అని అడుగుతుంది. లేదంటే ఇంకో బటన్, మళ్లీ అదే ప్రశ్న. ఒకే కంపెనీ వేర్వేరు ఏళ్లలో వేర్వేరు లిపులు వాడి ఉంటుంది కాబట్టి ఒకటొకటే విసిరి చూడటం తప్ప దారి లేదు. రిమోట్ మాట్లాడుతుందే గానీ వినదు. టీవీ వెలిగిందో లేదో ఫోన్‌కు తెలిసే మార్గమే లేదు. ఆ లోటును పూడ్చడానికి మన కళ్లను అరువు తీసుకుంది.

ఈ ఏకపక్షపు సంభాషణ వల్లే ఒక తిప్పలు కూడా వచ్చేది. చాలా టీవీల్లో ఆన్‌కూ ఆఫ్‌కూ ఆజ్ఞ ఒకటే. ఒక్క నొక్కుతో టీవీ, సెట్‌టాప్ బాక్సు రెండూ వెలగాలని యాప్ రెండు కబుర్లు పంపిస్తుంది. అప్పటికే బాక్సు వెలిగి ఉందనుకోండి, టీవీ వెలుగుతుంది, బాక్సు ఆరిపోతుంది. ఇక ఎన్నిసార్లు నొక్కినా రెండూ ఎడమొహం పెడమొహమే.

కోశంలో లేని పరికరమైతే? హెచ్‌టీసీ వన్ బటన్ వెనుక కన్ను పెట్టింది అందుకే. పాత రిమోట్ ముక్కును ఫోన్ పవర్ బటన్‌కు ఎదురుగా పెట్టి నొక్కితే, ఆ వ్యవధుల వరుసను ఫోన్ విని దాచుకుంటుంది. అర్థం తెలియనక్కర్లేదు, విన్నది విన్నట్టు అప్పజెబితే చాలు. ఊరూపేరూ లేని కేబుల్ బాక్సులకు ఇదే గతి. తర్వాత వచ్చిన చాలా ఫోన్లు ఖర్చు మిగుల్చుకోవడానికి దీపం ఉంచి కన్ను తీసేశాయి. నా దృష్టిలో అది చిన్న తగ్గింపు కాదు. కన్ను ఉన్న ఫోన్‌కు తెలియని రిమోట్ అంటూ దాదాపు ఉండదు.

ఏసీ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. టీవీ రిమోట్ ‘శబ్దం ఒక మెట్టు పెంచు’ అంటుంది. ఎంత ఉందో టీవీకే ఎరుక. ఏసీ రిమోట్ అలా అనదు. 24ను 25 చేయమని నొక్కితే, ‘కూలింగ్‌లో ఉండు, 25 దగ్గర ఉండు, ఫ్యాన్ నడిమి వేగం, రెక్కలు ఊపు’ అని మొత్తం పరిస్థితిని ప్రతిసారీ మొదటి నుంచి చెబుతుంది, చివర లెక్క సరిచూసుకునే అంకె ఒకటి జతచేస్తుంది. కొన్ని డైకిన్ రిమోట్ల కబురు 35 బైట్లు ఉంటుంది. మన టీవీ కబురు నాలుగే. కాబట్టి ఏసీకి రిమోట్ కావాలంటే ఫోన్ ఆజ్ఞల పట్టీ ఒక్కటే దాచుకుంటే చాలదు, ప్రతి కంపెనీ కబురునూ అప్పటికప్పుడు అల్లడం నేర్చుకోవాలి. ఇంట్లో అసలు రిమోట్‌తో ఎవరో 22 చేసి ఉంటే ఫోన్‌లో 26 అనే కనబడుతుంది. తర్వాతి నొక్కుకు ఫోన్ మాటే నెగ్గుతుంది.

తెలుగు ఇళ్లలో ఈ సదుపాయం కుదురుకోవడానికి కేబుల్ డిజిటలీకరణ కూడా దోహదం చేసింది. 2013 మార్చి 31 గడువుతో వచ్చిన రెండో దశలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. సెట్‌టాప్ బాక్సు వచ్చింది, దానితోపాటు రెండో రిమోట్ వచ్చింది. శబ్దానికి ఒకటి, ఛానళ్లకు ఒకటి. రెండింటికీ ప్లాస్టిక్ తొడుగులు. ఎప్పుడు చూసినా ఒకటి సోఫా సందులో ఉంటుంది. ఆ రోజుల్లో లక్ష్మీకటాక్షం ఉన్నవాళ్ల ఫోన్లలో ఉన్న ఈ దీపాన్ని మధ్యతరగతి చేతికి తెచ్చింది షావోమీ. 2015లో ఫాక్స్‌కాన్‌తో కలిసి మన శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టిన ఈ కంపెనీ, 2016లో రెడ్‌మీ నోట్ 3, మరుసటి ఏడాది నోట్ 4 తెచ్చింది. రెండింటికీ పైఅంచున ఆ చుక్క ఉంది. అప్పటినుంచి హాస్టల్ కామన్ రూముల్లో, టీ హోటళ్లలో, కాలేజీ సెమినార్ హాళ్లలో ఎవరూ ముట్టుకోకుండానే ఛానళ్లు మారడం, ప్రొజెక్టర్లు ఆరిపోవడం మొదలైంది. మ్యాచ్ చివరి ఓవర్లో టీవీ ఆగిపోతే యజమాని ముందు కరెంటును, తర్వాత కేబుల్ అబ్బాయిని తిట్టేవాడు. మూల బల్లమీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడి మీద అనుమానం రాదు. ఇన్‌ఫ్రారెడ్ టీవీ ఎవరినీ పేరడగదు, లిపి వచ్చిన ఎవరి మాటైనా వింటుంది.

పెద్ద కంపెనీలు దీన్ని ఎందుకు వదిలేశాయన్న దానికి రకరకాల కారణాలు చెబుతుంటారు. నీళ్లు దూరకుండా చేయడానికే తీశారన్న మాటతో నేను ఏకీభవించను. 2014 నాటి గెలాక్సీ ఎస్5 నీటిలో మునిగినా తట్టుకునేలా వచ్చింది, దానికి ఈ దీపం ఉంది. ఎస్6 తర్వాత 2016లో ఎస్7తో శాంసంగ్ ఆపేసింది, అదే ఏడాది హెచ్‌టీసీ 10, తర్వాత ఎల్‌జీ జీ6 కూడా అదే బాట పట్టాయి. అప్పటికి టీవీలే వైఫైలో చేరుతున్నాయి. రెండువైపులా మాట్లాడే దారి దొరికాక, ఒకవైపే మాట్లాడే దీపం పాతకాలపుదిగా కనిపించి ఉంటుంది. నిజానికి ఫోన్ రిమోట్‌లో లోటుపాట్లు లేకపోలేదు. చీకట్లో వేలికి బటన్ తగలదు, గాజు తెర అంతా ఒకటే నున్నన. లాక్ తీయాలి, యాప్ తెరవాలి, ఈలోగా ఫోన్ మోగుతుంది.

అయినా వైఫై దారిలో ఫోన్, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, ఒకదానికొకటి పరిచయం కావాలి, టీవీ కొత్తదై ఉండాలి. ఇరవై ఏళ్లనాటి డబ్బా టీవీకి ఇవేమీ పట్టవు. దాన్ని మార్చకుండా, దానికి ఏదీ తగిలించకుండా, దాని లిపిలోనే దానితో మాట్లాడింది ఈ ఫోన్. షావోమీ, పోకో ఫోన్లు చాలావాటిలో ఆ చుక్క ఇప్పటికీ ఉంది. మధ్యలో జ్ఞానోదయమైనట్టు వన్‌ప్లస్ కూడా తన 12, 13 మోడళ్లకు పెట్టింది. వైఫై లోకంలో కూడా దీని అక్కర తీరలేదని ఆ కంపెనీవాళ్లకూ తోచి ఉండాలి.

ఇంట్లో అద్దం పగిలిన పాత రెడ్‌మీ ఏదైనా మూలన పడి ఉంటే పారేయకండి. సిమ్ అక్కర్లేదు. ఒక్కసారి వైఫై పెట్టి రిమోట్ యాప్‌లో మీ టీవీ, బాక్సు, ఏసీల పేర్లు ఎక్కించి, కోడ్లు ఫోన్‌లోకి దిగాయో లేదో నెట్ ఆపి నొక్కి చూసుకుంటే చాలు. అన్నీ పలికితే లాక్ తీసేసి, తెర వెలుగు తగ్గించి, ఛార్జర్ అందే చోట టీవీ గదిలో పెట్టండి. పలకకపోతే ముందు పైఅంచున ఆ చుక్క మీద పేరుకున్న మురికి తుడవండి, ఆపైన కవరు ఆ చుక్కను మూసేస్తోందేమో చూడండి. సగం ఫిర్యాదులు కవరు తీయగానే పోతాయి.